అన్నం లైను

ప్రిన్సిపాల్ గారికి,

చివ్వెంల నుంచి మీ విద్యార్థులు యమున, రాహుల్‌ల తండ్రి నమస్కరించి రాయునది. సూర్యాపేటలోని మీ హాస్టల్లో ర్యాంకుల వారీగా అన్నం లైను కట్టిస్తారని వింటే నమ్మలేదు. సెలవులకు మా కవలలు ఇంటికొచ్చాక నమ్మాను.

వాళ్లమ్మ వడ్డించబోతుంటే యమున, "అమ్మా, ముందు నాకెయ్యి. తమ్ముని ర్యాంకు నా ఎనక" అన్నది. వాడు కంచం పట్టుకుని అక్క వెనక నిలబడ్డాడు. ఎంత క్రమశిక్షణ! మొన్నటిదాకా ఒకే కంచంలో కొట్లాడుకుంటూ తిన్నవాళ్లు. మీ దయవల్ల ఆ మోటుతనం పోయింది.

మర్నాడు వాడికి జ్వరమొచ్చింది. "సోమవారం టెస్టు రాస్తడా?" అని యమున అడిగింది. రాయలేడని చెప్పగానే దాని ముఖం వెలిగిపోయింది. తమ్ముడికి విశ్రాంతి దొరికిందని సంతోషం కాబోలు.

ఇక ఒక్క సందేహం. వాళ్లమ్మ గౌరీబాయి బడి గడప తొక్కలేదు. పిల్లవాడి తల దగ్గర కూర్చుని, "ర్యాంకు లేనిదాన్ని, మరి నేనెప్పుడు తినాలె?" అంటున్నది. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. మీ లైనులో ఆమె చోటెక్కడో దయచేసి సెలవివ్వగలరు.

ఇట్లు,
ఇద్దరికీ తండ్రి