చెవి మీది చెయ్యి

నల్లగొండ కబడ్డీ క్యాంపు,
బుధవారం

అమ్మకు, నీ పెద్దబిడ్డ మల్లిక దండాలు పెట్టి రాస్తున్నది. మోకాళ్ల మీద తోలు తప్ప ఇక్కడ నాకు అన్నీ బాగానే ఉన్నాయి. నువ్వూ చెల్లె రూపా బాగున్నారనుకుంటాను.

తిన్నవా అని ఉత్తరంలో అడిగావు. తింటున్నాను, రోజూ గుడ్డు కూడా పెడుతున్నారు. నడుము నొప్పికి జడ్చర్ల దవాఖానకు పోయావా? పత్తి ఏరుడు అయినంక పోతానంటే ఊరుకోను. ఫోన్లు మా కోచ్ మేడం దగ్గరే ఉంటాయి, ఆదివారం ఐదు నిమిషాలు ఇస్తుంది. చెప్పాల్సిన మాట ఆ ఐదు నిమిషాల్లో నోటికి రాలేదు.

"రూప కబడ్డీకి పోతలేదు. ఆట బట్టలు మూటగట్టి అటుక మీద పడేసింది. పొద్దంత చేతులు చంకల్ల పెట్టుకొని తిరుగుతాంది. ఎందుకో నీకేమన్న తెలుసా?" అని అడిగావు. నువ్వు చెప్తుంటే ఆ మాటలు రాసింది రూపే కదా. ఆ చేతిరాత చూసి ఆ లైను మళ్లీ మళ్లీ చదివాను.

తెలుసమ్మా.

యాదికుందా, చిన్నప్పుడు నువ్వు కూలికి పోతూ నాకు చెప్పేదానివి: "చెల్లె చెయ్యి చెవి మీదికి పోయిందంటే భయమైనట్టు బిడ్డా. ఏం అడగకు. పోయి పక్కన కూసో." ఉరిమినా, బడిలో సారు కొట్టినా అది చెవి తమ్మె పట్టుకునేది. నేను పోయి కూర్చునేదాన్ని.

ఈ క్యాంపు సెలక్షన్ నాడు ఒక్క జాగానే మిగిలింది. మేడం మా ఇద్దరినీ ఎదురెదురు జట్లలో పెట్టింది. రూప మా వైపు కూతకు వచ్చింది. గీత దాటగానే చెయ్యి చెవి మీదికి పోయింది. భయమైతే అది ఎవరినీ ముట్టకుండానే సగంలో వెనక్కి తిరుగుతుందని అక్కడ నాకొక్కదానికే తెలుసు. తిరిగే చోట కాచుకొని మడమ పట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. "భలే కనిపెట్టినవే మల్లికా!" అని మేడం వీపు తట్టింది. సిగ్గులేనిదాన్ని, నవ్వాను.

రూప మట్టి దులుపుకొని "మంచిగ పట్టినవక్కా" అంది. అప్పుడే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. నేను చెవి మీది చెయ్యి చూసే పట్టానని దానికి తెలిసిపోయింది. ఓడిపోయానని నీకు చెప్పింది తప్ప నా పేరు ఎత్తలేదు.

చెల్లెను చూసుకొమ్మని నువ్వు చెప్పిన గుర్తుతోనే దాన్ని పడగొట్టానమ్మా. నీ ముఖం ఎట్లా చూడాలో తెలియడం లేదు.

నీకు చదువు రాదు కాబట్టి మంజులత టీచరమ్మతో చదివించుకొమ్మని ముందొక ఉత్తరం రాసి, చింపేశాను. ఇది చదివి వినిపించేది రూపే అని తెలిసే రాస్తున్నాను. నాకు భయమైతే అరచేతులు లాగుకు తుడుచుకుంటాను. అది కూడా దానికి తెలియాలి. వచ్చే నెల మన ఊరి ఆటలో నా ఎదురుగా నిలబడమను.

అమ్మా, ఇప్పుడు చదువుతున్న దాని వైపు ఒక్కసారి చూడు. చెయ్యి చెవి మీద ఉంటే ఏం అడగకు. నేను వచ్చేదాకా నువ్వే పక్కన కూర్చో.

ఇట్లు,
నీ మాట తప్పిన పెద్దబిడ్డ
మల్లిక