ముగ్గు చుట్టిన గొయ్యి

జంషెడ్‌పూర్

అమ్మకు, నేను బాగున్నాను, దిగులు పడకు.

సిద్ధగోరాలో మురుగుకాలువ మీది సిమెంటు పలక విరిగింది. ఎవరూ అందులో పడకూడదని ఆ వీధిలో ఉండే తెలుగావిడ అసిరమ్మగారు గొయ్యి చుట్టూ ముగ్గేసి పసుపు చల్లారు. కాలువల మరమ్మతులు చూసే మా ఆఫీసు సర్వేయరు దాన్ని పూజాస్థలం అనుకుని, ముట్టుకోకూడదని రాసి ఫైలు మూసేశాడు. నిన్న ఆవిడ అర్జీలు వినే మా మీటింగుకే వచ్చేశారు. "దేవుడేటి బాబూ! పిల్లలు పడిపోతారని నేనే ముగ్గేసినాను" అన్నారు. ఆ తెలుగు అక్కడ నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. లేచి చిన్న గొంతుతో హిందీలో చెప్పాను. "గట్టిగా చెప్పవే తల్లీ, ఇనపడాల!" అని వెనకనుంచి ఆవిడే గదమాయించారు. ఈ ఉదయం కొత్త పలక వేశారు.

చెల్లి జ్వరం తగ్గిందా? నా నూలు చున్నీలు రెండు పంపు. విల్సన్ మామయ్యకు వందనాలు. ఇకనుంచి మీటింగులో అర్జీలన్నీ నన్నే చదవమని మా ఆఫీసులో చెప్పారు. ప్రార్థనలో నన్ను మరిచిపోకు.

బెట్సీ