తుక్కుకు ఇవ్వని బండి

మల్లన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా నీ మోటార్ సైకిల్ సంగతి నీకు కాక ఎవరికి చెప్పను?

వదిన ఊరి నుంచి నన్నే నడుపుకోమని రాసింది. కానీ ఈ పరాయి దేశంలో, మన క్యాంపు రూమ్‌లో అందరూ దాన్ని వాడారు. చోక్ లాగి మూయడం మరిచి పెట్రోల్ వృథా చేసేవారు. స్టార్ట్ కాగానే యాక్సిలరేటర్ తిప్పి మోత మోగించేవారు. పైగా బండినే తిట్టారు. వారం కింద మన జగిత్యాల ఫోర్‌మన్ ఘాలా లేబర్ క్యాంపు గేటు దగ్గర నన్ను ఆపాడు.

"ఉత్తగ పెట్రోల్ తాగుతది. వచ్చే శుక్రవారం తుక్కోనికి ఇచ్చెయ్. కంపెనీ బస్సు ఉన్నది గదా."

"ఇయ్య. తప్పు బండిది కాదు, నడిపేటోళ్లది," అన్నాను.

ఆ రోజే తాళం నా జేబులో వేసుకున్నాను. ప్లగ్ తుడిచి, టైర్లలో గాలి నింపాను. నువ్వు నేర్పినట్టే, తాళం తిప్పకముందు రెండుసార్లు మెల్లగా కిక్ తొక్కేవాణ్ణి. ఇంజన్ కాస్త వేడెక్కగానే చోక్ మూసేవాణ్ణి. శనివారం నింపితే మంగళవారానికే ఖాళీ అయ్యే ట్యాంకులో గురువారం డ్యూటీ ముగిసినా పెట్రోల్ మిగిలింది.

ఈ శుక్రవారం పొద్దున ఫోర్‌మన్ తుక్కు కొనే పఠాన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. నేను కిక్ కొట్టాను. ఒక్కదానికే స్టార్ట్ అయింది.

"యే తో చల్తా హై, భాయ్," ఇది నడుస్తోంది గదా అని పఠాన్ నవ్వి వెళ్లిపోయాడు.

ఫోర్‌మన్ వైపు చూడకుండా హమ్రియా బజారు దాకా బండి మీద వెళ్లాను. నువ్వు కూర్చునే హోటల్ ముందే నిలిపి చాయ్ తాగాను. ఎవరిదని అక్కడివాళ్లు అడిగితే మల్లన్న బండి అనే చెప్పాను.