కుదరదు సార్, పాప చెవులు కుట్టిస్తున్నారు

జూన్ 2, సోమవారం

నేటి నుంచి కొత్త మునికుమార్.

వచ్చే ఆదివారం వడమాలపేటలో అక్క పవిత్ర కూతురికి చెవులు కుట్టిస్తున్నారు. పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించాలి. ఉన్న ఒక్క మేనమామను నేను. నాకు లీవు దొరకక ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఈసారి బావ ఫోన్ చేసి చెప్పేశాడు. "నువ్వు రాకుంటే మా చిన్నాయన కొడుకు ఆదిమూలం ఒళ్లో కూర్సోబెడతాం. మళ్లా నా మీద పడొద్దు."

మా లాడ్జి మేనేజర్ ధనంజయ సార్ ఏం చెప్పినా తల ఊపే జబ్బు నాది. రిసెప్షన్‌లో చేరినప్పుడు పట్టుకుంది. ఇక చాలు. వాక్యం తయారు: "కుదరదు సార్, పాప చెవులు కుట్టిస్తున్నారు." అద్దం ముందు చాలాసార్లు అన్నాను. చివరికి తడబడకుండా వచ్చింది.

ఎందుకైనా మంచిదని కొండవైపు తిరిగి మొక్కుకున్నాను. ఆదివారం ఆ పిల్ల నా ఒళ్లో కూర్చోకపోతే గుండు కొట్టించుకుంటాను స్వామీ. జుట్టంటే నాకు ప్రాణం. ఆ సంగతి స్వామికీ తెలుసు.

జూన్ 3, మంగళవారం

మీటింగు. లాడ్జిలో గదులు నలభై. "ఈ ఆదివారం నలభై నాలుగు నిండాలప్పా," అన్నాడు సార్.

"ఉండేదే నలభై కదా సార్, ఎట్లా?" అన్నాను.

"ఎట్లా అనేవాడు రిసెప్షన్‌లోనే ఉండిపోతాడు. ఎట్లైనా అనేవాడు మేనేజర్ అవుతాడు."

ఎట్లా అని అడగడం సగం కుదరదన్నట్టే. శుభారంభం.

మధ్యాహ్నం బకెట్లు పెట్టే గది ఖాళీ చేసి మంచం వేశాను. దానికి డీలక్స్ అని పేరు పెట్టింది కూడా నేనే.

జూన్ 4, బుధవారం

లీవు అడగడానికి వెళ్లాను. సార్ టీ తెప్పించాడు. "నువ్వు మా ఇంటిమనిషివి కుమార్," అన్నాడు. ఇంటిమనిషి అంటే ఏమిటో నాకు తెలుసు. జీతం పెరగదు, పని పెరుగుతుంది. అయినా ఆయన టీ తాగుతూ ఆయనకే కుదరదని ఎలా చెప్పేది?

బయటికి వచ్చేసరికి ఇంకో పని తగులుకుంది. వేణ్నీళ్లు రాని మూడో అంతస్తు వాళ్లచేత ఫోన్లో ఐదేసి స్టార్లు వేయించాలి.

తర్వాత చూస్తే అది రాహుకాలం. అడిగినా ఇచ్చేవాడు కాదు.

జూన్ 5, గురువారం

గ్రేసీ దగ్గర శిష్యరికం. గదులు శుభ్రం చేయించేది గ్రేసీ. ఆదివారం డ్యూటీ వేసిన ప్రతిసారీ "చర్చి ఉండాది సార్, కుదరదు" అనేసి వెళ్లిపోతుంది. ఇంతవరకు మిన్ను విరిగి మీద పడలేదు.

తనే సార్‌లాగా కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. "కుమార్, ఆదివారం రావాల," అంది.

"సరే సార్," అన్నాను.

గ్రేసీ కుర్చీలోంచి లేచింది. "నేను గ్రేసీనప్పా. నాకే సరే అంటే ఆ మనిషికేం చెప్తావు నువ్వు?"

జూన్ 6, శుక్రవారం

అడిగేశాను. వాక్యం మొత్తం రాలేదు. "సార్... పాప... చెవులు..." అన్నాను. "పోయిరా, దానికేం," అన్నాడు. ఇంత సులభమని తెలియక ఇన్నాళ్లు నిద్ర పాడుచేసుకున్నాను.

అక్కకు ఫోన్ చేశాను. పాప ఫోన్ లాక్కుంది. "మామా, నీ ఒళ్లో కూర్సుంటే నొప్పి పుట్టదంట కదా?" పుట్టదన్నాను.

సాయంత్రం తెలిసింది, ఆదివారం గిరికీ లీవేనట. గిరి అంటే నా తోటి రిసెప్షనిస్టు, సార్ మరదలి కొడుకు. క్రికెట్ ఆడాలట. సార్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ లీవు నీదే. పొద్దున ఒక్క గంట కూర్సోని పో." సరే అన్నాను. గంటకు సరే అంటే రోజుకు సరే అన్నట్టు కాదు. అయినా వడమాలపేట ఎంత దూరం, బస్సులో కునుకు తీసేలోపు వచ్చేస్తుంది.

జూన్ 8, ఆదివారం

7.00. కొత్త చొక్కా. సంచిలో పాపకు గాజులు.

8.00. గంట అయింది. నా బదులు కూర్చునే మనిషి రాలేదు.

8.30. పలమనేరు నుంచి రెండు బస్సుల జనం దిగారు. నలభై నాలుగు గదులు బుక్ చేశామంటున్నారు. ఆ బుకింగ్ తీసుకున్నది సారే. మిగతా గదులు ఎక్కడున్నాయని నన్ను అడుగుతున్నారు.

9.30. సార్‌కు ఫోన్. "నువ్వు పోతే లాడ్జి మునిగిపోతాదప్పా. వీడియో కాల్ చేసుకో, అదీ ఇదీ ఒకటే." కుదరదు అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాక అన్నాను.

10.30. అక్కకు వీడియో కాల్. వెనక ఆచారి సూది పట్టుకుని కూర్చున్నాడు. రాలేనని చెప్పాను. అక్క తిట్టలేదు. "ఒడి ఫోన్లో వస్తాదారా?" అంది. అంతే, కాల్ కట్.

దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఓదార్చడానికి గ్రేసీ కూడా లేదు. చర్చికి వెళ్లింది.

జూన్ 10, మంగళవారం

మొక్కు మొక్కే. తీర్చుకోవాలి, సగం రోజు లీవు కావాలని అడిగాను. "స్వామి పనికి అడగాలా? దినమంతా తీసుకో," అన్నాడు సార్. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కొండమీద గుండు అయింది. గీసినాయన "మీసం కూడానా?" అన్నాడు. "కుదరదు," అన్నాను. గట్టిగా, తడబడకుండా. వారం రోజులు సాధన చేసిన మాట అక్కడ పనికొచ్చింది.

జూన్ 11, బుధవారం

సార్ నా గుండు చూసి కళ్లు తుడుచుకున్నాడు. అందరినీ పిలిచాడు. "లాడ్జి నిండాలని మొక్కుకున్నాడు. ఇంటిమనిషంటే ఈడప్పా!" శాలువా కప్పి, ఫోటో తీసి, గ్రూపులో పెట్టాడు. అది కాదని చెప్పాలి. కప్పిన శాలువా భుజం మీద ఉండగా ఎలా చెప్పేది?

స్వామి విన్నాడు కాబట్టి వచ్చే ఆదివారం టార్గెట్ నలభై ఎనిమిది. మిగతావాళ్లు కూడా గుండు సంగతి ఆలోచించాలట. "నాకు కుదరదు సార్," అంది గ్రేసీ. సార్ తల ఊపాడు.

మూడో అంతస్తులో దిగిన ఆవిడ నన్ను కూడా యాత్రికుడనుకుని, "మీ గదిలో వేణ్నీళ్లొస్తున్నాయా?" అని అడిగింది. రావన్నాను. ఈ ఉద్యోగంలో చేరాక ఆ విషయంలో నేను చెప్పిన మొదటి నిజం అది.

జూన్ 13, శుక్రవారం

అక్క ఫోన్ చేసింది.

"ఒక చెవే కుట్టినాడురా ఆచారి. ఆదిమూలం ఒళ్లోంచి దూకి మంచం కిందికి దూరింది. మామ వస్తేనే రెండోది అంటా ఉండాది. ఆ చెవి మీద పెట్టిన చెయ్యి తీయడంలే. అన్నం కూడా ఒంటి చేత్తోనే. ఆదివారం ఆచారి మళ్లా వస్తాడంట. నువ్వూ?"

వస్తానన్నాను.

కాబట్టి నేటి నుంచి కొత్త మునికుమార్. కుదరదు సార్, పాప రెండో చెవి కుట్టిస్తున్నారు. అద్దం ముందు అన్నాను. అద్దంలోని గుండు కూడా బాగానే అంటోంది.

మొక్కుకోడానికి జుట్టు లేదు. కొండవైపు తిరిగి, మీసం ఒకసారి దువ్వుకుని, స్వామికి చూపించాను.