బీరువాలో బాదం వెన్న

అనకాపల్లి,
ఫిబ్రవరి 10, మంగళవారం.

ఈరోజు పనులు: అట్లపిండి రుబ్బాను. మినుములు ఎండబోశాను. గ్యాస్ బండ దించుకున్నాను. మీ నాన్నతో రెండుసార్లు గొడవపడ్డాను. ఇక ఈ ఉత్తరం ఒక్కటే మిగిలింది.

చిరంజీవి బిందుమాధవికి మీ అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నామని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. అక్కడ నాగపూర్‌లో నువ్వు నిజంగానే బాగున్నావని తలుస్తాను. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. నేను ఫోను తీస్తే చాలు, మీ నాన్న పక్కకొచ్చి కూర్చుంటారు. సగం మాట నాది, సగం మాట ఆయనది అయిపోతుంది.

పార్సిల్‌లో నువ్వు పెట్టిన చీటీకి ముందు జవాబు రాస్తాను. బాదం వెన్న, వేరుశనగ వెన్న సీసాలు పగలకుండా చేరాయి. ఉప్పూ పంచదారా లేనివి వెతికి కొన్నానన్నావు. వేరుశనగ వెన్న విషయంలో నీ శ్రమ వృథా అయింది. చప్పగా ఉందని మీ నాన్న కొత్త బెల్లం తెచ్చి, పాకం పట్టి, అందులో కలిపేశారు.

"ఏటండీ ఇది?" అన్నాను.

"బెల్లం రక్తానికి మంచిదే. సదువుకున్నదానివి, నీకు తెల్దేటి?" అన్నారు. పెళ్ళినాటి నుంచీ బెల్లం కొట్లో కాటా వేస్తున్న మనిషికి బెల్లం గురించి నేనేం చెప్పను?

రోజూ ఎంత తింటున్నారని అడిగావు. హెర్నియా ఆపరేషన్‌కి ముందు బరువు తగ్గాలని, సాయంత్రం బజ్జీలు మానేసి వాటి బదులు చిన్న గుప్పెడు బాదం పప్పులో, ఒక చెంచా ఇలాంటి వెన్నో తినమని డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు. మీ నాన్నకి తినమన్నది గుర్తుంది, మానమన్నది గుర్తులేదు. బజ్జీలు బజ్జీలే, పప్పులు పప్పులే. పైగా అట్టు మీద వెన్న. పప్పులైతే నమలాలి, కాసేపటికి దవడలైనా నొప్పెడతాయి. ఈ వెన్నకి ఆ అడ్డు కూడా లేదు. మంచి తిండే కదా అని ఎంతైనా తినెయ్యవచ్చా చెప్పు?

విసుగొచ్చి సీసాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పుడాయన మెహబూబ్ జాన్ గారి డ్రైఫ్రూట్ కొట్టు మరిగారు. మొన్న కిస్మిస్ కోసం వెళ్తే జాన్ గారు నవ్వుతూ, "అమ్మా, సార్ రోజూ వచ్చి జీడిపప్పు రుచి సూత్తన్నారు. కొనడం రేపు అంతన్నారు. ఆ రేపు ఎప్పుడొత్తదో మీకేటైనా తెలుసా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి నిలదీస్తే మీ నాన్న జవాబేమిటో తెలుసా? "నిలబడి తిన్నది లెక్కలోకి రాదే."

నిన్న కొట్లో బెల్లం దిమ్మ జరపబోయి, పొట్ట పట్టుకుని కూలబడిపోయారు. ఆటోలో తీసుకొచ్చారు. కంగారుపడకు, వెంటనే డాక్టరుకి చూపించాం, ఇప్పటికి ప్రమాదం లేదన్నారు. కానీ బరువు తగ్గందే కత్తి పెట్టనని ఖండితంగా చెప్పారు.

తగ్గారు కదా, బరువు యంత్రం ఫోటో పంపావు కదా అంటావు. డెబ్భై ఎనిమిది కిలోలకి దిగితే ఆపరేషన్ అన్నారు, ఫోటోలో డెబ్భై ఎనిమిదే ఉంది. అది చూసే నువ్వు వచ్చే నెలకి తేదీ అడిగావు, సెలవు పెట్టావు, రైలు టికెట్టు కొన్నావు.

బిందూ, ఆ రోజు బరువు యంత్రం మీద నిలబడింది మీ నాన్న కాదు. నేను.

ఆయన ఎక్కితే ఎనభై ఆరు చూపించింది, ముందుకంటే ఎక్కువ. "నాన్నకేమైనా అవుతుందా అమ్మా?" అని నువ్వు అంతకుముందే అడిగి ఉన్నావు. ఆ అంకె నీకు పంపడానికి నాకు చేతులు రాలేదు. ఆయన దిగాక నేనెక్కి, పాదాలు పడకుండా ఫోటో తీశాను. నాది ఎంతో కొంత తక్కువే ఉంటుంది కదా అనుకున్నాను. ఆయన తగ్గి చేరవలసిన చోటికి నేను పెరిగి చేరానని అప్పుడు తెలిసింది. బీరువా తాళం నా దగ్గరే ఉందిగా. మధ్యాహ్నం ఆయన కొట్టుకెళ్ళాక బాదం వెన్న ఒక చెంచా, తర్వాత ఇంకో చెంచా. పాల పాకెట్లు కూడా రాసుకునే నేను, వాటిని మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

నిన్న రాత్రి ఆయనకి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. మంచం మీద నుంచే నన్ను ఎగాదిగా చూసి, "అయితే తాళం నాకొక్కడికేనేటి?" అన్నారు.

తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. బెల్లం కలిపిన సీసా కొట్లో దిమ్మలు మోసే కళాసీలకి పంపించేశాను. ఇవాళ్టి నుంచి బజ్జీలు లేవు. ఇద్దరికీ చెరో చెంచా, లేదా గుప్పెడు పప్పులు. కొలిచేది ఆయనే. నా చెంచా చాకుతో గీసి సమం చేస్తారు, తనది గోపురంలా నింపుకుంటారు. "కాటా మనిషినే, నాకు తూకం నేర్పుతావేటి?" అంటారు. ఈ మనిషితో ఎలా వేగాలో నాకు తెలియడం లేదు. అయినా సాయంత్రం రెండో చెంచా తీసుకోకుండా తాళం వేసేశారు. అది నేను కళ్ళారా చూశాను.

నువ్వు డాక్టరుకి ఫోను చేసి ఆ తేదీ వద్దని చెప్పు. సెలవు దాచుకో. ఈసారి ఫోటోలో మీ నాన్న పాదాలు కనిపిస్తేనే నమ్ము. కోప్పడాలనిపిస్తే నా ఒక్కదాని మీదే కోప్పడు, ఆయన మీద వద్దు.

ఇట్లు,
నిన్ను నమ్మించి తప్పు చేసిన
మీ అమ్మ.

తా.క.: టికెట్టు రద్దు చేస్తే నీకు పోయే డబ్బు నా తప్పు కిందికి వస్తుంది. నీ ఖాతాలో వేయించాను. ఆ బాకీ చెల్లు.