నాయిన పత్తెం విడిచిన రోజు

12 ఆగస్టు 1984, ఆదివారం

కామెర్లు తగ్గి, మూడు నెలల తరువాత ఈ రోజు నాయిన పత్తెం విడిచాడు. ఇన్నాళ్లూ నూనె చుక్క తగలని జొన్న రొట్టె, చప్పటి పప్పే తిన్నాడు. అమ్మ సంబరంగా సజ్జ రొట్టెలు నలిపి, బెల్లం కలిపి, నెయ్యి ధారగా పోసి మలీద ముద్దలు చేసింది.

నాకు కాలేజీలో మేడం చెప్పిన పాఠం గుర్తొచ్చింది. తిండిలో కొవ్వు తగ్గితే, దాన్ని అరిగించే ఎంజైమ్‌ను క్లోమం తక్కువగా తయారు చేస్తుంది. మళ్లీ పెరగడానికి కొన్ని రోజులు కావాలి.

"ఇయ్యాల జర తక్కువ పెట్టమ్మా. దినాం కొంచెం కొంచెం పెంచుదాం" అన్నాను.

"మూన్నెల్లు నోరు కట్టుకున్నోనికి ముద్దలు లెక్కవెట్టాల్నా? నీ సదువు మీ నాయిన కంచం మీదికే వచ్చిందా?" అంది అమ్మ.

నాయిన చేయి ఆపాడు. "నువ్వు జెప్పు బిడ్డా. తినాల్నా, వద్దా?"

అమ్మ ముఖం చూసి, "తిను నాయినా" అన్నాను. మూడు ముద్దలు తిన్నాడు.

ఇప్పుడు కడుపు నొస్తుందని పొర్లుతున్నాడు. ఇందాక అమ్మ వచ్చి, "ఏం గాదు గదా? జర నీ బుక్కుల చూడు" అంది. నోట్సు తిరగేశాను. అందులో ఉన్నది ఎలుకల మీద చేసిన ప్రయోగం. మనిషి సంగతి లేదు. అయినా ఆ వరుస మీద వేలు పెట్టి, "ఏం గాదట, పొద్దుగాల్ల వరకు తగ్గుతదట" అని చదివాను.

అమ్మ నమ్మి పడుకుంది. నాయిన ఇంకా పొర్లుతూనే ఉన్నాడు.