ఎనభై కిలోల భాగ్య

జూన్ 3, మంగళవారం
ఆబిడ్స్‌లో నేను పనిచేసే చీరల షాపుకి వచ్చిన ఒకావిడ ఇవాళ నన్ను చూసి జాలిపడింది. "గింత లావున్నవ్, గీ మెట్లు ఎట్లెక్కుతున్నవమ్మా?" అని. అప్పుడు నా నెత్తిన చీరల మూట ఉంది. మూటతోనే మెట్లన్నీ ఎక్కేశాను.

జూన్ 5
నాంపల్లి జిమ్‌లో తూకం. డెబ్బై తొమ్మిది కిలోలు. జిల్లా పవర్‌లిఫ్టింగ్ పోటీలు దగ్గరపడ్డాయి. డెబ్బై ఆరు కిలోల క్లాస్‌లో పోటీ తక్కువ, మూడు కిలోలు తగ్గితే మెడల్ ఖాయం అన్నారు మా చర్చికే వచ్చే కోచ్ మాబెల్ మేడం. సరే అన్నాను. అమ్మకి చెబితే సంబరపడింది. మెడల్ గురించి కాదు, సన్నబడతానని.

జూన్ 11
అన్నం లేదు. దోసకాయ, మజ్జిగ. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ షాపుల ముందు తల తిప్పుకొని నడిచాను.

జూన్ 14
రెండు కిలోలు తగ్గాను. ఎప్పుడూ ఆడుతూ పాడుతూ చేసే నూట ఇరవై కిలోల స్క్వాట్ ఇవాళ లేవలేదు. బార్ భుజాల మీదే ఉంది, నేను కిందే ఉండిపోయాను. ఇద్దరు పరుగెత్తుకొచ్చి లేపారు. ఏడ్చాను.
మేడం నన్ను బాడీ కంపోజిషన్ మెషీన్ ఎక్కించారు. కొవ్వు కొంచెమే కరిగింది. నీళ్లు పోయాయి, కండ కూడా పోయింది. తొందరపెట్టింది తనే, తప్పు తనదే అన్నారు మేడం. తగ్గకుండా ఎనభై నాలుగు కిలోల క్లాస్‌లోనే చేస్తానన్నాను. అక్కడ గట్టివాళ్లుంటారు, మెడల్ రాకపోవచ్చు అన్నారు.
"రాకుంటే రాకపాయె మేడం. నా బలంతోని నేను లేపుత."

జూన్ 15
అన్నం పెట్టు, గుడ్లు కూడా అన్నాను. అమ్మ గరిటె పట్టుకొని నిలబడిపోయింది. "మళ్లా లావైతవ్ భాగ్యా" అంది.
"ఔ, అయిత."
ఆ మాట భయం లేకుండా అనడం ఇదే మొదటిసారి.

జూన్ 22, ఆదివారం
పోటీ. తూకంలో ఎనభై కిలోలు. అందరి ముందూ గట్టిగా చదివారు. తల దించుకోలేదు.
ఆఖరి స్క్వాట్ నూట ముప్పై రెండున్నర కిలోలు. ఇంతకుముందెన్నడూ లేపని బరువు. కిందికి దిగాను. ఇన్నాళ్లూ వదులు కుర్తాల్లో దాచుకున్న తొడలు, నడుము, అన్నీ ఒక్కసారిగా నా వైపు నిలబడ్డాయి. లేచాను. ముగ్గురు జడ్జీలూ ఒప్పుకున్నట్టు మూడు తెల్ల లైట్లు!
మిగతా లిఫ్ట్‌లు కూడా అయ్యాక, సిల్వర్. చర్చిలో ఎంతో నెమ్మదిగా ఉండే మాబెల్ మేడం నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశారు.

జూన్ 23
చేతులు పైకి లేవడం లేదు. అమ్మే జడ వేసింది. మధ్యలో ఆగి నా భుజం నొక్కింది. "ఏందే గిది, బొక్కనా?" అంది, ఎముక అనుకొని.
"కండ."
ఇంకోసారి నొక్కింది. తర్వాత పక్కింటి వీరమ్మను కేకేసింది, జర వచ్చి నువ్వూ నొక్కి చూడమని.